తొలి మూట

పోయిన వారం కథలో మనం లాడ్జీలో ఉన్నాం. అక్కడ గదులు చూసే ఆవిడ బీరువా తెరిచి, అడుగు అరలోంచి ఒక తెల్ల దుప్పటి తీసి కోడలి చేతిలో పెట్టింది. "మీ లాండ్రీ ఎందుకు మానేశానని కదా అడిగావు. ఇదే కారణం. తీసుకుపో" అంది. అంతకుమించి చెప్పదేమో అనుకుంది కోడలు. చెప్పింది. కూర్చోమనలేదు గానీ, నిలబెట్టే అంతా చెప్పింది.

ఇప్పుడా దుప్పటి కోడలి ఒళ్లో ఉంది. బస్సు కదలడం లేదు.

ముందు ఏదో లారీ అడ్డం తిరిగిందని కండక్టరు దిగి వెళ్లాడు. కోడలు గడియారం చూసుకుంది. మూడు దాటి పది నిమిషాలు. నాలుగింటికి ప్రసూతి ఆసుపత్రి నుంచి మొదటి మూట తమ లాండ్రీ షెడ్డుకి వస్తుంది. ఆ మూట తొట్టిలో పడకముందు తను అక్కడ ఉండాలి. దిగి నడిస్తే ముందు చేరుతుందా, కూర్చుంటే ముందు చేరుతుందా? రెండుసార్లు లేచింది. రెండుసార్లూ కూర్చుంది. పక్క సీటు పెద్దావిడ కాళ్లు ముడుచుకుని, "దిగేదానివైతే దిగమ్మా, నా మోకాళ్లు అరిగిపోతున్నాయి" అంది.

ఏడాదిలో లాండ్రీకి బట్టలిచ్చే నాలుగు పార్టీలు పోయాయి. లాడ్జీ, ఆడపిల్లల హాస్టలు, ఎముకల డాక్టరు, సభలు జరిగే హాలు. నాలుగూ మూడో నెలలోనే పోయాయి. ఒక్కరూ పోట్లాడలేదు. ఒక దుప్పటి పోయిందని గానీ, మూట ఆలస్యమైందని గానీ అనలేదు. 'ఇక వద్దులెండి' అన్నారు, అంతే. తిట్టి పోయినవాడిని బతిమాలుకోవచ్చు. చెప్పకుండా పోయినవాడిని ఏమని అడుగుతాం?

ఆ పార్టీలను నమ్ముకునే వాయిదాల మీద పెద్ద మిషను తెచ్చారు. కొత్తవాళ్లలో ఇప్పుడు మిగిలింది ప్రసూతి ఆసుపత్రి ఒక్కటే, నలభై మంచాలు. మూడు నెలలు చూసి చెబుతామన్నారు. వాళ్లూ పోతే మిషను తిరిగి పోతుంది, దానితో పాటు షెడ్డులో పని చేసే ఆరుగురూ పోతారు. అందుకే కోడలు మొగుడి ముందు, మామగారి ముందు నిలబడి, "ఈ పార్టీని నిలబెట్టే పని నాకు వదలండి" అని అడిగి మరీ తీసుకుంది. ముందు పోయినవాళ్లు ఎందుకు పోయారో తెలుసుకుందామని ఒక్కొక్క గడపే ఎక్కింది. మూడు గడపల దగ్గర నీళ్లిచ్చి పంపేశారు. నాలుగో గడప లాడ్జీ.

లాడ్జీ ఆవిడ చెప్పింది ఇదీ:

"మీ మొదటి మూట వచ్చినప్పుడు నేను మురిసిపోయానమ్మా. కొత్తప్పుడు కూడా అంత తెల్లగా లేవు ఆ దుప్పట్లు. మా ఓనర్ని పిలిచి చూపించా. ఒకటి తీసి దాచుకున్నా. రెండో మూట రాగానే ఇది బయటికి తీసి పక్కన పెట్టి చూశా. మూడోదీ చూశా. ప్రతివారం అదే పని నాకు. మీరు పాడు చేశారని అనడం లేదు. అందరూ ఉతికినట్టే ఉతికారు. అందరిలాగా ఉతికేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు కదమ్మా, అంత దూరం మీకెందుకు పంపాలి?"

కారణం దొరికితే బరువు తీరుతుందనుకుంది కోడలు. దొరికింది. ఇంకొకరి తప్పయితే బాగుండేది. ఆ మొదటి మూట ఉతికింది మామగారు.

బస్సు కదిలింది.

*

షెడ్డుకి రెండు తలుపులు. ఒక తలుపులోంచి మాసినవి వస్తాయి, రెండో తలుపులోంచి ఉతికినవి పోతాయి. రెండూ ఎదురుపడకూడదు. మధ్యలో పెద్ద మిషను, పిండే మిషను, ఇస్త్రీ బల్లలు. ఆ చివర, మిషన్లన్నిటికీ వీపు తిప్పి, ఒక రాతి తొట్టి ఉంది. అది మామగారిది. షెడ్డులో ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ఇంకెవరూ ఆ తొట్టి ముట్టుకోరు.

కొత్త పార్టీ తొలి మూట మిషన్లో వెయ్యకూడదు. అది ఆయన పెట్టుకున్న పద్ధతి. వేడినీళ్లలో సబ్బు చెక్కి వేసి, ఒక్కొక్క దుప్పటీ తన చేత్తోనే రుద్ది, రెండు నీళ్లు పోసి, గుడ్డమూటలో నీలిమందు కట్టి ఆడించి, ఎండలో ఒక వైపు ఆరాక రెండో వైపు తిప్పేవాడు. కొడుకుని కూడా చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "తొలి మూట మన మొహం" అనేవాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట.

కోడలు లోపలికి వచ్చేసరికి మూడూ యాభై. పెద్దాయన చొక్కా చేతులు పైకి మడిచి తొట్టి తోముతున్నాడు.

"రావమ్మా కోడలమ్మా" అంది మడతలక్క. దుప్పట్లు మడిచే ఆవిడ, ఈ షెడ్డంత పాతది. మాట్లాడుతున్నా చేతులు ఆగవు. "పొద్దున్నించి తోముతున్నాడు. ఇంకాసేపు తోమితే రాయి అరిగి అవతలి వీధి కనిపిస్తుంది."

"వ్యాను వచ్చిందా అక్కా?"

"రాలేదు. నీ మొగుడు గేటు దగ్గర హారన్ కొట్టకుండా ఎప్పుడైనా వచ్చాడా? ఆ దుప్పటేంటి చంకలో?"

కోడలు దుప్పటిని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. తొట్టి వైపు నాలుగడుగులు వేసింది. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. పిండే మిషను గడగడమంటోంది. అది ఆగాక మాట్లాడదామనుకుంది. ఆగింది. ఎవరో మళ్లీ వేశారు.

"మామయ్యా" అంది చివరికి.

"వచ్చావా. ఆ సబ్బు అందుకో."

సబ్బు అందించలేదు. దుప్పటి చాపింది. పెద్దాయన చెయ్యి పంచెకి తుడుచుకుని, అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒకసారి నలిపాడు.

"ఇది నాది" అన్నాడు.

"లాడ్జీది, మామయ్యా."

"దుప్పటి లాడ్జీది. ఉతుకు నాది." వెలుతురులోకి తిప్పి చూశాడు. మొహంలో ఒక వెలుగు వచ్చింది. ఆయన మొహాన అలాంటిది ఈ ఏడాదిలో కోడలు చూడలేదు. "ఏడాదైంది కదూ? చూడు, చెక్కు చెదరలేదు. వాడలేదా ఏంటి?"

"వాడలేదు. దాచుకుందట."

"దాచుకుందా?" మడతలక్క వైపు తిరిగాడు. "విన్నావా? దాచుకుందట." మళ్లీ కోడలి వైపు. "మరి ఇంత మెచ్చుకున్నది ఎందుకు మానేసిందట?"

"దాచుకుంది కాబట్టే, మామయ్యా."

మడతలక్క చేతులు ఆగాయి.

కోడలు చెప్పింది. లాడ్జీ ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెప్పింది. తన మాట ఒక్కటీ కలపలేదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. పెద్దాయన వింటూ దుప్పటిని నాలుగు మడతలు పెట్టాడు, విప్పాడు, మళ్లీ పెట్టాడు.

"అంటే, బాగా ఉతకడం తప్పయిందా?"

"మీ తప్పు కాదు."

"తప్పు కాదని చెప్పడానికా బస్సెక్కి వెళ్లొచ్చావు?"

"మామయ్యా, మొదటి మూట మీ చేత్తో పోతోంది. రెండోది మిషన్లో పోతోంది. వాళ్లకి మిషను ఉతుకు చెడ్డదిగా కనపడడానికి కారణం మిషను కాదు. మొదటి మూట."

"వీళ్లెవరో నలుగురు పోయారు, సరే. ముప్పై ఏళ్లుగా ఉన్నవాళ్ల సంగతేంటి? పళ్ల డాక్టరు ఉన్నాడు. క్లబ్బు ఉంది. వాళ్ల తొలి మూటా నేనే ఉతికాను. వాళ్లు పోలేదే?"

ఈ ప్రశ్న వస్తుందని కోడలికి తెలుసు. బస్సులో కూర్చున్నంతసేపూ దీనికోసమే భయపడింది.

"వాళ్ల రెండో మూటా మీరే ఉతికారు" అంది నెమ్మదిగా. "వందో మూటా మీరే ఉతికారు. అప్పుడు మిషను లేదు."

పెద్దాయన మిషను వైపు చూశాడు. అది తన పని తాను చేసుకుపోతోంది.

"కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా" అంది మడతలక్క, మాట తేలిక చేద్దామని.

"నువ్వు మడతలు చూసుకో" అన్నాడు పెద్దాయన.

"చూసుకుంటూనే ఉన్నాను. చెవులు మడవడం మాత్రం నాకు చేతకాదు."

గేటు దగ్గర హారన్ మోగింది.

*

కోడలి మొగుడు మూటని భుజం మీద వేసుకుని మాసినవి వచ్చే తలుపులోంచి లోపలికి వచ్చాడు. ఆకుపచ్చ గుడ్డలో నాలుగు కొసలూ కలిపి కట్టిన మూట. మనిషి నడుం దాకా ఉంది. బరువుకి మెడ వంగిపోయింది.

"ఇటు తే" అన్నాడు పెద్దాయన, తొట్టి పక్కన నిలబడి.

"ఏమండీ, అక్కడ దించండి" అంది కోడలు, మిషను చూపిస్తూ.

అతను అడకత్తెరలో పోకచెక్కలా మధ్యలో ఆగిపోయాడు. అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు. "ఏదో ఒకటి చెప్పండి. భుజం లాగేస్తోంది" అన్నాడు.

"నేల మీద దించవయ్యా. నేల ఎవరి పక్కా కాదు" అంది మడతలక్క.

దించాడు. పెద్దాయన, కోడలు మూటకి చెరో వైపున నిలబడ్డారు.

"తొలిసారి గడప తొక్కినవాళ్లకి నిన్నటి అన్నం పెడతామా అమ్మాయ్?"

"పెట్టం మామయ్యా. కానీ రోజూ పెట్టగలిగిందే పెడతాం. మొదటిరోజు ఉన్నదంతా వడ్డించి, మర్నాటి నుంచి అరకొరగా పెడితే ఆ ఇంటికి మళ్లీ ఎవరొస్తారు?"

"రోజూ నేనే ఉతుకుతాను. అయితే సరేనా?"

కోడలు ఆయన చేతుల వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పగిలి, సబ్బు పడ్డచోట తెల్లగా తేలింది. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నలభై మంచాలు, నాన్నా" అన్నాడు కొడుకు. "మూడు రోజులకి ఒక మూట."

"నిన్నెవరు అడిగారు?"

అతను మూట ముడి సర్దాడు. అది బాగానే ఉంది.

"సరే" అన్నాడు పెద్దాయన. "మిషన్లో వేసి, మామూలుగా ఉతికి, మామూలుగా పంపిస్తావు. వాళ్లు చూసి, ఇదేనా మీ పనితనం అంటారు. అప్పుడేం చేస్తావు?"

"వాళ్లు అనకముందే నేను చెబుతాను. రేపు మూటతో పాటు నేనూ వెళతాను. ఆసుపత్రి మేట్రన్ గారి ముందే విప్పుతాను. ఏ మరక పోయిందో, ఏది పోలేదో, ఏది ఎన్నిసార్లు ఉతికినా పోదో నేనే చూపిస్తాను. ఏ దుప్పటి అంచు మన దగ్గరికి రాకముందే చిరిగి ఉందో రాసి ఇస్తాను. వాళ్లు మూట ఎక్కడ విప్పుతారు, ఎవరు విప్పుతారు, ఎలా మడిస్తే వాళ్లకి వీలు, అన్నీ అడుగుతాను. మొదటి నెల ప్రతివారం వెళతాను. పని తగ్గిందని వాళ్లకి అనిపించకూడదు మామయ్యా. మొదటిరోజు ఏది చూశారో, తొంభయ్యో రోజూ అదే చూడాలి."

"మన లోటు మనమే చెప్పుకుంటూ తిరిగితే పని ఎవడిస్తాడు?"

"చెప్పకుండా తిరిగితే నలుగురు పోయారు."

ఆ మాట గట్టిగా అనలేదు. అయినా షెడ్డంతా వినపడింది. పిండే మిషను అప్పుడే ఆగింది.

పెద్దాయన తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. పది వేళ్లు అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. తర్వాత వంగి తొట్టి అడుగున బిరడా లాగాడు. కాచి పోసుకున్న నీళ్లు సుడి తిరుగుతూ కిందికి పోయాయి. పూర్తిగా పోయేదాకా అక్కడే నిలబడి చూశాడు.

"వెయ్యి మిషన్లో" అన్నాడు.

లాడ్జీ దుప్పటి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది కోడలికి. తిట్టే మనిషి పొద్దుటికి మరిచిపోతాడు.

*

మర్నాడు కోడలు రాసుకోవలసిన కాయితం ఇంట్లోనే రాసుకుని షెడ్డుకి వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. మూట కట్టి సిద్ధంగా ఉంది.

"అప్పుడే కట్టేశావేం అక్కా? నేను వచ్చి ఒకసారి చూద్దామనుకున్నా."

"చేతులు ఊరుకోలేదు" అంది మడతలక్క. తల ఎత్తలేదు. మామూలుగా ఆవిడ ఒక మాటకి నాలుగు మాటలు చెబుతుంది.

"లెక్క సరిపోయిందా?"

"నలభైకి నలభై."

పోతూ పోతూ కోడలు తొట్టి వైపు చూసింది. అంచు తడిగా ఉంది. మేకుకి వేలాడుతున్న నీలిమందు గుడ్డమూట లోంచి ఒక చుక్క జారి నేల మీద పడింది. తొట్టి కడిగారేమో అనుకుంది. ఆగి ఆలోచించే తీరిక లేదు, గేటు దగ్గర వ్యాను కదలడానికి సిద్ధంగా ఉంది. పెరట్లో ఆరేసే తాళ్ల మధ్య పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. "వెళ్లొస్తాను మామయ్యా" అంటే తల ఊపాడు గానీ ఇటు తిరగలేదు.

ఆసుపత్రిలో బట్టల గది సన్నగా, పొడుగ్గా ఉంది. రెండు వైపులా అరలు, చివర ఒక కిటికీ. పై అంతస్తులో ఎవరో పసిబిడ్డ ఏడుస్తూంటే, అది విని ఇంకొక బిడ్డ మొదలుపెట్టింది. మేట్రన్ పొట్టి మనిషి. కళ్లజోడు దారానికి వేలాడుతోంది. కూర్చునే అలవాటున్న మనిషిలా లేదు.

"మూట అక్కడ పెట్టి వెళ్లు. తర్వాత చూస్తాను."

"మేడం, మీరు విప్పేటప్పుడు నేను ఉండాలి."

"ఎందుకు?"

"ఏవి బాగా రాలేదో చూపించాలి."

మేట్రన్ కళ్లజోడు పెట్టుకుని కోడల్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఇరవై ఏళ్లలో ముగ్గురు లాండ్రీవాళ్లని చూశాను. బాగా రాలేదని చెప్పుకోవడానికి పనిగట్టుకుని వచ్చినదానివి నువ్వే."

విప్పారు. ఒక్కొక్క దుప్పటీ తీస్తూ కోడలు మూడు వరసలు పెట్టింది. ఇవి బాగున్నాయి. వీటి మీద మరక సగం పోయింది, ఇంకో రెండు ఉతుకుల్లో పోతుంది. ఇవి మందు మరకలు, ఎప్పటికీ పోవు. ఇంకెవరైనా పోగొడతామంటే నమ్మకండి, గుడ్డ చివికిపోతుంది. ఇదిగో ఈ అంచు, వచ్చినప్పుడే ఇలా ఉంది, కాయితంలో రాశాను.

మేట్రన్ కాయితం తీసుకుని చదివింది. "పాతవాళ్లు ఏది చిరిగినా మీ దగ్గరే చిరిగిందనేవాళ్లు" అంది. ఇంకొక దుప్పటి తీసింది. "ఈ మడత మాకు పనికిరాదమ్మా. కాన్పయిన మనిషిని లేపకుండా కింద దుప్పటి మార్చాలి. పొడుగ్గా సగానికి మడిచి చుడితే ఒక పక్కనుంచి పరుచుకుంటూ పోతాం."

"ఎలాగో ఒకసారి చూపిస్తారా?"

చూపించింది. చూపించాక, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. కోడలు ఆ స్టూలు వైపు చూసి, కళ్లు తిప్పుకుంది. మూట పెట్టి వెళ్లమన్న మనిషి కూర్చుందంటే, వింటోందన్నమాట.

ఇరవై మూడో దుప్పటి మీద మేట్రన్ చెయ్యి ఆగింది.

పైన ఉన్నది తీసింది. కింద ఉన్నది చూసింది. మళ్లీ పైది చూసింది. లేచి, ఆ కింద దుప్పటిని తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి విప్పింది. గది ఒక్కసారిగా వెలుతురైంది.

కోడలికి అంచు పట్టుకుని నలిపి చూడనక్కర్లేకపోయింది. తడిసిన తొట్టి అంచు, జారిన నీలిమందు చుక్క, తల ఎత్తని మడతలక్క, ఇటు తిరగని మామగారు, అన్నీ ఒకేసారి వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. నలభైలో ఒక్కటి. ఆయన చెయ్యి ఒక్కదానికైనా ఊరుకోలేకపోయింది.

"ఇది మా దుప్పటేనా?" అంది మేట్రన్. మూల గుర్తు, మంచం నంబరు చూసింది. ఆసుపత్రిదే. గొంతు మారింది. "ఇలా ఉతకడం చేతనై ఉండి, మిగతావి అలా తెచ్చావా?"

"అది కాదు మేడం..."

"ఇంతసేపూ మరకలు పోవని నాకు పాఠం చెప్పావే. ఇది నిన్న మందు మరకతో పంపించిన దుప్పటి. దీని మీద మరకేదీ?"

కోడలి దగ్గర జవాబు ఉంది. చెబితే ఇంట్లో మనిషి తన మాట దాటాడని చెప్పాలి. చెప్పకపోతే తనే అబద్ధమాడినట్టు.

మేట్రన్ దుప్పటిని మడిచింది, తమ పద్ధతిలో, పొడుగ్గా సగానికి. తాళంచెవుల గుత్తి తీసి గోడ బీరువా వైపు నడిచింది. లాడ్జీ బీరువా అడుగు అర కోడలి కళ్లముందు మెదిలింది. రెండంగల్లో వెళ్లి దుప్పటి కొస పట్టుకుంది.

"మేడం, అది దాచకండి. దయచేసి నాకివ్వండి."

"ఎందుకివ్వాలి? మా దుప్పటే కదా."

మడత ఊడింది. ఆ కొస మేట్రన్ చేతిలో, ఈ కొస కోడలి చేతిలో. బయటినుంచి చూసేవాళ్లకి ఇద్దరు ఆడవాళ్లు దుప్పటి మడవబోతున్నట్టే ఉంటుంది.

"ఎవరు ఉతికారిది?"

"మా మామగారు."

"అయితే రేపు ఆయన్ని తీసుకురా. ఈ మూడు నెలల మాట ఆయనతోనే మాట్లాడతాను. నీతో కాదు."

పైన బిడ్డల ఏడుపు ఆగింది. కోడలు కొస వదల్లేదు. మేట్రన్ కూడా వదల్లేదు. ఇద్దరి మధ్యా దుప్పటి బిగిసి నిలిచింది, ఒక్క ముడత లేకుండా.